"మూడుపూట్లా తింటందక్కా" అంటే నమ్మి టిక్కు పెట్టేశా: ఆశా వర్కర్‌గా నా అనుభవం

నేను నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో ఒక ఊళ్ళో ఆశా వర్కర్ని. ఊరి పేరు రాయట్లేదు, రాస్తే ఆ ఇల్లు ఏదో మావోళ్ళందరికీ తెలిసిపోద్ది. ఒకపక్క వరి మళ్ళు, ఇంకోపక్క మైపాడు వైపు పోయేకొద్దీ రొయ్యల గుంటలు, మధ్యలో మేము. చెప్పేది ఒక్క బిడ్డ సంగతే, 2023 ఆగస్టులో పుట్టినప్పట్నుంచి పదిహేనో నెల దాకా ఆ ఇంటికి నేను తిరిగిన తిరుగుడు. నా రిజిస్టర్లో ఇంకా చాలామంది పిల్లలుండారు, కానీ నేను బాగా తప్పు చేసింది ఈ ఇంట్లోనే కాబట్టి ఇదే గుర్తుండిపోయింది.

మా పని తెలియనోళ్ళకి ముందు కాస్త చెప్తా. ఆస్పత్రి కాన్పయితే బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి పోయి చూడాల, అది ఆరు విజిట్లు. తర్వాత 2018లో ఇంకోటి వచ్చింది, హెచ్‌బీవైసీ అంటాం, 3, 6, 9, 12, 15 నెలలకి పోయి బిడ్డ ఏం తింటందో, ఎంత పెరిగిందో చూడాల. మొదటి ఆరింటికి కలిపి 250 రూపాయలు, తర్వాత అయిదింటికి విజిట్‌కి 50 లెక్కన ఇంకో 250. ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే 50 రూపాయలనేసరికి బయటోళ్ళు "టిక్కు పెట్టడానికేలే" అంటారు, కొన్నిసార్లు అది నిజమే, నేనూ పెట్టా, ఎట్టా పెట్టానో కూడా చెప్తా.

ఆ అమ్మాయిది మేనరికం. పుట్టిల్లు అత్తారిల్లు రెండూ మా ఊళ్ళోనే, రెండు వీధులు తేడా. మామూలుగా తొలికాన్పు పుట్టింట్లో చేసి మూడో నెల్లోనో అయిదో నెల్లోనో పంపిస్తారు గదా, అట్టా ఊరు మారిపోతే బిడ్డ మా చేతిలోంచి పోయినట్టే, అక్కడి ఆశాకి ఫోన్ చేసి చెప్పినా ఎవరి పని వాళ్ళకి. ఇక్కడ ఆ బాధ లేదు. కాన్పు మాత్రం నెల్లూర్లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో, పెద్దాపరేషన్, ఆడపిల్ల, 2.7 కిలోలు. తల్లికి ఇంకా మత్తు దిగలేదని మొదటి రోజే వాళ్ళే డబ్బాపాలు పట్టించారంట, ఇంటికి పోయేటప్పుడు డబ్బా పేరు చీటీలో రాసి మరీ ఇచ్చారు. ఆ అమ్మాయి ఫోన్లో ఫొటోలు చూపిస్తుంటే వెనక గోడకి తల్లిపాల వారోత్సవాల ఫ్లెక్సీ, ఆగస్టు 1 నుంచి 7 దాకా ఆ వారమే గదా! డబ్బాపాలకి అడ్వర్టైజ్‌మెంటు వెయ్యకూడదు, తల్లులకి ఫ్రీ డబ్బాలు ఇయ్యకూడదు అని 1992లోనే చట్టం వచ్చింది, చీటీలో రాసిచ్చేదాన్ని ఏమంటారో మరి.

మూడో రోజు వాళ్ళు ఆస్పత్రిలోనే ఉండారు కాబట్టి ఏడో రోజు పోయా. శుక్రవారం. నా సంచిలో స్ప్రింగ్ తక్కెడ ఉంటది, కింద గుడ్డ జోలె, దాంట్లో బిడ్డని పెట్టి పైకెత్తితే ముల్లు చూపిస్తది. సంచిలోంచి అది తీశానో లేదో మంచమ్మీద కూర్చోనున్న జేజి, అంటే బిడ్డకి నాయనమ్మ, చూసిపోదామని వచ్చింది, లేచి నిలబడింది. "శుక్రవారం పూట ఆడబిడ్డని తక్కెట్లో తూస్తావంటే? దిష్టి తగలదా? రేపు రా పో." నేనేం వాదన పెట్టుకోలా. శనివారం పొద్దున్నే పోయా, తలుపులు మూసి, బిడ్డకి బుగ్గన చుక్క పెట్టి, జోలెలో వాళ్ళ పాత చీరగుడ్డ పరిచి తూశాం. 2.5. "చూశావా, తగ్గింది, పాలు చాలట్లా" అనింది జేజి. మొదటి వారం పదిశాతం దాకా తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా మళ్ళీ పుట్టినప్పటి బరువుకొచ్చేస్తది అని చెప్పా గానీ, నా మాట కంటే పక్కన స్టూలు మీదున్న డబ్బాకే వాళ్ళ దగ్గర విలువ ఎక్కువని అర్థమైపోయింది.

అప్పుడు చేసిన ఒక మంచి పని ఏందంటే "పాలియ్యి, చూస్తా" అని అక్కడే కూర్చున్నా. కుట్లు నొప్పిగా ఉండి ఆ పిల్ల సగం వాలి ఇస్తా ఉంది, బిడ్డ చనుమొన ఒక్కటే పట్టుకుని చప్పరిస్తా ఉంది, రెండు నిమిషాలు చప్పరించి ఏడుస్తది, ఏడ్చేసరికి బాటిల్. మొనలు పగిలి రక్తం చెమరించి ఉండాయి. దిండు వేసి, బిడ్డ కాళ్ళు తల్లి చంక కిందనుంచి వెనక్కి పోయేట్టు పెట్టించా, అప్పుడు కుట్ల మీద బరువు పడదు. బిడ్డ నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, చుట్టూ ఉండే నల్లటి భాగం ఎక్కువ నోట్లోకి పోయేట్టు, గడ్డం రొమ్ముకి ఆనేట్టు, కింది పెదవి బయటికి తిరిగేట్టు. మొదటిసారి కుదర్లా. నాలుగోసారికి గుటకల సౌండు వినపడింది, రెండోవైపు నుంచి కూడా పాలు చేపుకొచ్చి జాకెట్ తడిసిపోయింది. "నొప్పి లేదక్కా" అని ఆ పిల్ల నా మొహం వంక చూసి ఏడ్చేసింది.

డబ్బా మాత్రం ఒక్క రోజులో ఆపలా. పీహెచ్‌సీ డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడించా, ఆమె చెప్పినట్టే రోజుకో పూట తగ్గిస్తా పోయాం, బాటిల్ తీసేసి ఆ కొంచెం కూడా ఉగ్గుగిన్నెతో పట్టించమన్నా. జేజి దగ్గర వాళ్ళమ్మ ఇచ్చిన వెండి ఉగ్గుగిన్నె ఉండాది, బీరువాలోంచి తీసిచ్చింది, మాకు ట్రైనింగ్‌లో పలాడై అని చూపించింది అదే షేపు! పాలు చాలతండాయా లేదా అనేదానికి ఇంకో చిట్కా చెప్పా, అది పుస్తకంలో లేదు, నా సొంతం. డైపర్ వెయ్యొద్దు, బిడ్డ ఉచ్చపోసినప్పుడల్లా గిన్నెలో ఒక చింతపిక్క వెయ్యండి, రోజుకి ఆరు పిక్కలు పైన పడితే పాలు చాలినట్టే. లెక్క పెట్టే డ్యూటీ జేజి తీసుకునింది. మూడో రోజుకి తొమ్మిది పిక్కలు. సొరచేప పుట్టు పెడితే పాలు పడతాయని ఆమె రోజూ పుట్టు చేసి తెచ్చేది, దాన్ని నేనెందుకు కాదంటా, బాలింతకి తిండి బాగా పడ్డట్టే గదా. పద్నాలుగో రోజుకి 2.6, ఇరవై ఒకటికి 2.8, అప్పటికి డబ్బా బందయింది. ఇరవై ఎనిమిదికి 3.1.

ఇక్కడిదాకా అంతా బాగుంది, నాకు కాస్త పొగరు కూడా వచ్చింది. మూడో నెల విజిట్ క్యాంపుల డ్యూటీల్లో పడి పది రోజులు లేటయింది. డిసెంబర్లో మిచాంగ్ తుఫాను, మా పక్కంతా నీళ్ళు, మూడు రోజులు కరెంటు లేదు, వీధిలో డబ్బాపాల బిడ్డ ఉన్న ఒకళ్ళు తడిసిన కట్టెలతో నీళ్ళు కాచలేక నానా తిప్పలు పడ్డారు, ఈ పిల్ల మాత్రం దుప్పటి కప్పుకుని కూర్చుని పాలిస్తా ఉంది, మా తుఫాను డ్యూటీలో నాకు నిశ్చింతగా అనిపించిన ఇల్లు అదొక్కటే.

తర్వాత అన్నప్రాసన గొడవ. మా పక్క మగపిల్లోడికి సరి నెల, ఆడపిల్లకి బేసి నెల. అయిదో నెల్లోనే చేసేద్దాం అని రెండిళ్ళవాళ్ళూ రెడీ అయిపోయారు. మేము చెప్పేదేమో ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దని. ఎట్టా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించా. ఆరు నిండితే వచ్చేది ఏడో నెల, ఏడు బేసే గదా! ఆ మాట నేను అనకుండా పూజారి చేత అనిపించా, ఆయన మనవరాలికి కూడా నేనే ఆశాని. ఫిబ్రవరిలో చేశారు, పుస్తకం, కత్తి, బంగారం అన్నీ పెడితే బిడ్డ పాక్కుంటా పోయి పాయసం గిన్నెలో చెయ్యి పెట్టిందంట. నేను పోలేకపోయా, ఆ రోజు పీహెచ్‌సీలో ఆశా డే, అంటే మా ఆశాలందరి మీటింగు. పోయుంటే కథ వేరేగా ఉండేదేమో.

ఆరో నెల బరువు అంగన్‌వాడీలో 6.6. పర్లేదు. నేను పోయి బొమ్మల ఫ్లిప్ చార్టు తీసి ఒప్పజెప్పా: మొదట రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి, మెత్తగా, జారిపోకుండా చిక్కగా ఉండాల, రకరకాలు పెట్టండి, వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్ ఒక మిల్లీ. అందరూ తలకాయలు ఊపారు. ఆ తర్వాత ఆ దారిన పోయినప్పుడల్లా "ఏం పెడతుండారు?" అని గేటు కాడ్నించే అడగడం, "మూడుపూట్లా తింటందక్కా, పప్పన్నం" అనడం, నేను పోవడం. రిజిస్టర్లో టిక్కు. ట్రైనింగ్‌లో మేడం చెప్పింది, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో సరిపడా తిండి అందేది నూటికి 11 మందికేనంట, అప్పుడు మేమంతా "అంత తక్కువా, మా ఊళ్ళో అందరూ పెడతారే" అనుకున్నాం. గేటు కాడ అడిగితే అందరూ పెట్టేవాళ్ళే మరి.

మేలో తొమ్మిది నిండినాయి, తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకాకి, విటమిన్ ఎ చుక్కలకి తీసుకొచ్చారు. తూస్తే 6.8. మూడు నెలల్లో 200 గ్రాములు! అంగన్‌వాడీ టీచరు రెండోసారి తూసింది, అదే. చార్టులో గీత పైకి పోవాల్సింది అడ్డంగా పండుకునింది. జబ్బ కొలత టేపు ఆకుపచ్చలోనే, అంటే బాగున్నట్టే ఉండాది గానీ, బక్కచిక్కిందని చెప్పే పసుపుకి ఆనుకునే.

రెండు రోజుల తర్వాత మధ్యాన్నం పన్నెండున్నరకి, ఆ ఎండలో, కావాలనే అన్నం టైంకి పోయా. జేజి బిడ్డని ఒళ్ళో పండేసుకుని చెంచాతో పోస్తా ఉంది. పెట్టడం కాదు, పోయడమే. గిన్నెలో తెల్లగా, అడుగున కాస్త పచ్చగా నీళ్ళు. అన్నంలో పప్పుతేట కలిపి పిసికి, దాన్ని మళ్ళీ పల్చటి గుడ్డలో వడకట్టి ఆ నీళ్ళు. పిప్పి పక్క పళ్ళెంలో ఉండాది, కోళ్ళకి. చెంచా తీసుకుని వంచి చూశా, అన్నీ కారిపోయి చెంచా కడిగినట్టు మెరస్తా ఉంది. మూడుపూట్లా పప్పన్నం, అబద్ధమేం కాదు.

అప్పుడు నోరు జారా. కోడలు పక్కనే ఉండగా "ఏందత్తా ఇది, అన్నం కోళ్ళకేసి నీళ్ళు బిడ్డకి పోస్తే ఎట్టా పెరుగుద్ది?" అన్నా. జేజి ఏం మాట్లాడలా. చెంచా కడిగి బోర్లించి లోపలికి పోయింది. ఆ తర్వాత నేను మూడుసార్లు పోతే మూడుసార్లూ "పండుకునింది, తర్వాత రా" అని గుమ్మంలోంచే. కోడలు ఫోన్లో "అక్కా, అత్తకి బాగా కోపం వచ్చింది, ఈ గొడవ నేనే తెచ్చిపెట్టానంటా ఉంది" అనింది. మా పైనుండే నర్సు, ఏఎన్ఎం మేడంకి చెప్తే నన్నే తిట్టింది, తిట్టదా మరి.

రెండు వారాల తర్వాత రిజిస్టరూ సంచీ ఏదీ లేకుండా సాయంత్రం పోయా. జేజి అరుగు మీద చేటలో బియ్యం ఏరతా ఉంది. ఏం అనకుండా పక్కన కూర్చుని నేనూ ఏరా. కాసేపటికి అడిగా, "అత్తా, మీ రోజుల్లో ఉగ్గు ఎట్టా చేసేవోళ్ళు?" అని. ఇంక చూడాల! బియ్యం పెసరపప్పు విడివిడిగా దోరగా వేయించాలంట, చిటికెడు వాము, తిరగట్లో రవ్వగా విసరాల, ఉడికినాక కాసిన నెయ్యి వేడిగా పొయ్యాల, "గంటెకి అంటుకోవాల మే, జారిపోతే అది ఉగ్గు కాదు" అనింది. అనేసి ఆమే ఆగిపోయింది. నేను అడగలా. ఆమే చెప్పింది.

అన్నప్రాసన రోజు ఎవరో ముచ్చటగా పాయసంలో ఉన్న అన్నం ముద్ద వేలితో నోట్లో పెట్టారంట, బిడ్డ పండుకోనుంది, పొలమారి ఊపిరాడక మొహం నల్లబడిపోయింది. జేజే బోర్లా తిప్పి వీపు మీద చరిస్తే బయటికొచ్చింది. "నా చేతుల్లోనే పోయిందనుకున్నా మే. పండగ రోజు ఎందుకులే అని బయటికి రానీయలా. అప్పట్నుంచి మెతుకు చూస్తే నా చెయ్యి వణుకుద్ది." నేను మూడు నెలలు గేటు కాడ నిలబడి ఫ్లిప్ చార్టు చెప్తా ఉన్నా ఈ సంగతి నాకు తెలవదు!

అప్పుడు నేనూ నాది చెప్పా, ఊళ్ళో ఎవరికీ చెప్పింది కాదు. మా పెద్దోడికి నేను బాటిలే పట్టించా. నాకు పాలు లేవనుకున్నా, ఎవరూ కూర్చుని చూసి చెప్పలా. ఏడాది లోపల రెండుసార్లు విరేచనాలతో ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కించాం. ఆశాలో చేరి ట్రైనింగ్‌లో ఆ బొమ్మలు చూసిన రోజు రాత్రి అన్నం తినలేకపోయా. జేజి విని, "సరేలే, రేపు పదకొండుకి రా, నువ్వే చూపించు" అనింది.

పోయా. చేసిందంతా ఆమె చేతే చేయించా. గుప్పెడు అన్నం, ఉడికిన పెసరపప్పు, ఒక ముక్క గుమ్మడికాయ, పప్పుగుత్తితో పేస్టులాగా మెదిపి, చెంచా నెయ్యి. వడకట్టేది లేదు. చెంచా వంచితే అంటుకుని నిలబడింది. బిడ్డని పండుకోబెట్టకుండా ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోమన్నా, అర చెంచానే, అదీ కింది పెదవి మీద ఆనించి వాళ్ళంతట వాళ్ళు లాక్కునేదాకా ఆగాల, మింగినాకే ఇంకోటి, ఏడ్చేటప్పుడు నవ్వేటప్పుడు పెట్టకూడదు. దగ్గొస్తే దగ్గనియ్యాల, నోట్లో వేలు పెట్టి కెలక్కూడదు. మూడో చెంచాకి బిడ్డ కాస్త ఓకరించింది, జేజి చెయ్యి నిజంగానే వణికింది, నేను ఆ చెయ్యి పట్టుకునే ఉన్నా, బిడ్డ తనే సర్దుకుని మింగేసి మళ్ళీ నోరు తెరిచింది. వారానికి వారం మెదపడం తగ్గిస్తా పోయాం, నెల తిరిగేసరికి పలుకు తగిలినా నమిలేస్తా ఉంది.

ఇంకోటి, బిడ్డకి వేరే గిన్నె. పెద్దోళ్ళ కంచంలోంచి పెడితే ఎంత తినిందో ఎవరికీ లెక్క ఉండదు. వాళ్ళింట్లో స్టీలు కప్పు ఒకటి 250 మిల్లీ పట్టేది ఉంటే, తొమ్మిది నెలల బిడ్డకి దాంట్లో సగం, రోజుకి మూడు నాలుగు సార్లు, మధ్యలో పండో ఏదో ఒకటి, తల్లిపాలు ఎట్టాగూ ఉంటాయి, అవి రెండేళ్ళు ఆ పైన కూడా ఇయ్యొచ్చు. ఈ లెక్క చెప్పేటప్పుడే ఇంకో సంగతి బయటపడింది, అంగన్‌వాడీ నుంచి బిడ్డకని వచ్చే రెండున్నర కేజీల బాలామృతం పిండి ఏమైందంటే నెయ్యేసి ఉండలు చుట్టి ఇంటిల్లిపాదీ తినేశారు, బాగుంటాయంట! అది మాత్రం నేను నవ్వేసి వదిలేశా, కానీ మరుసటి నెలనుంచి ప్యాకెట్ మీద బిడ్డ పేరు రాసిచ్చా. రోజూ చేపలు వండే ఇల్లు, బిడ్డకి మాత్రం "నీచు ఎందుకులే ఇప్పుడే" అనేవోళ్ళు, గుడ్డు వేడి అనేవోళ్ళు. గుడ్డు పచ్చసొన తోటి మొదలుపెట్టి, తర్వాత చందువ చేప, కారం పులుసు వెయ్యకముందే ముక్క తీసి ఉడికించి ముల్లు లేకుండా వేళ్ళతో నలిపి అన్నంలో. ముల్లు ఏరే డ్యూటీ మళ్ళీ జేజిదే, ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఏరే ఏరుడు చూడాల.

జూన్‌లో విరేచనాలు పట్టుకున్నాయి, నాకు గుండె జారింది, ఇప్పుడు మళ్ళీ అన్నం మానేస్తారని. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు తీసుకుని పరిగెత్తా, జింకు విరేచనాలు తగ్గినా 14 రోజులు వెయ్యాల అని చెప్తా ఉంటే జేజి "తిండి ఆపలేదులే, కొంచెం కొంచెం ఎక్కువసార్లు పెడతుండాం" అనింది. అది ఆమెకి నేను చెప్పలా, కోడలికి చెప్పింది కోడలు ఆమెకి చెప్పింది. నాలుగు రోజుల్లో తగ్గిపోయింది.

ఏడాదికి 7.9. పుట్టినరోజు కేకు తిననిచ్చాం, బిస్కెట్లు టీలో ముంచిపెట్టే అలవాటు మాత్రం వాళ్ళ తాత ఇంకా మానలా, ఆయన్ని మార్చడం నావల్ల కాలా, ఒప్పేసుకుంటన్నా.

పదిహేనో నెల విజిట్ నవంబర్లో. యాప్‌లో ఎంట్రీ ఎక్కట్లా, సర్వర్ తిరగతానే ఉండాది, అంగన్‌వాడీ టీచర్ దగ్గర్నుంచి పెద్ద తక్కెడ అడిగి తీసుకుని నేనే ఇంటికి మోసుకుపోయా. బిడ్డ నడిచొచ్చి నా సంచిలో చెయ్యి పెట్టి ఫ్లిప్ చార్టు లాగేస్తా ఉంది. తక్కెడ దూలానికి కడతా ఉంటే గుర్తొచ్చింది.

"అత్తా, ఈరోజు శుక్రవారం. రేపు రానా?"

"తెలుసులే మే" అనింది జేజి, బిడ్డని ఎత్తుకుని. "ముందు ఆ తలుపు మూసెయ్."

8.7.